తాపీమేస్త్రీ కూతురి మజ్దూరీ

ఆస్కార్ బొమ్మ కోసం అదాకారులు జిందగీ అంతా ఎదురుచూస్తారు. వచ్చిన రోజు స్టేజీ ఎక్కి ఏడుస్తారు, అమ్మానాన్నల్ని తలుచుకుంటారు. గ్లెండా జాక్సన్‌కి ఆ బొమ్మ రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ ఆమె ఆ జల్సాకి పోలేదు. ఆమె తరఫున వేరేవాళ్లు తీసుకున్నారు. తర్వాత ఆ బొమ్మలు రెండూ ఆమె తల్లి ఇంటికి చేరాయి. ఆ తల్లి వాటిని ఇత్తడి సామాను తోమినట్టు తోమీ తోమీ పైనున్న బంగారు పూత అరగదీసిందట. లోపలి లోహం బయటపడిందని గ్లెండా ఇంటర్వ్యూల్లో చెప్పేది. ఆ పూత పోయినందుకు ఆమెకి రవ్వంత కూడా రంజ్ లేదు.

2023 జూన్ 15న, 87 ఏళ్ల ఉమర్‌లో, లండన్‌లోని తన ఇంట్లో ఆమె కన్నుమూసింది. అఖ్బార్లన్నీ "రెండు ఆస్కార్ల నటి, మాజీ ఎంపీ" అని రాశాయి. అది సహీ. కానీ ఆ బిరుదుల కింద ఉన్న అసలు సంగతి చాలామంది చూడలేదు. ఆమె నటనని మజ్దూరీ అనుకుంది. పొద్దున లేచి పనికి పోవడం, పని సరిగ్గా చేయడం, కూలీ తీసుకుని ఇంటికి రావడం. అంతే. అందుకే దాన్ని ఎప్పుడు దించాలనుకుంటే అప్పుడు దించింది, ఎప్పుడు ఎత్తుకోవాలనుకుంటే అప్పుడు ఎత్తుకుంది.

మీలో కొందరు అడుగుతారని తెలుసు: ఒక అంగ్రేజ్ నటితో మనకేం వాస్తా? పైగా ఆమె సినిమాలన్నీ ఇంటిల్లిపాదీ కూచుని చూసేవి కావు కదా? నిజమే. కొన్ని అస్సలు కావు. హయా విషయంలో మన దస్తూర్ వేరు, ఆమె లోకం వేరు. ఆమెని మన ఆడపిల్లలకి నమూనాగా నిలబెట్టే ఇరాదా నాకు లేదు. ఒక్క విషయం మాత్రం ఆమె దగ్గర్నుంచి తీసుకోదగ్గది ఉంది. పనితో ఆమెకున్న రిష్తా.

ఎందుకంటే మన ఇళ్లల్లో ఏ హునర్ గురించైనా రెండే మాటలు వినపడతాయి. పాట కానివ్వండి, రాత కానివ్వండి, నాటకం కానివ్వండి. ఒకరు "తౌబా తౌబా, లోగ్ క్యా కహేంగే" అంటారు. ఇంకొకరు "మాషా అల్లా, పిల్ల టీవీలో వచ్చింది" అంటారు. ఇద్దరి చూపూ షోహ్రత్ మీదే. ఒకరు దానికి జడుసుకుంటారు, ఒకరు దానికి సలాం కొడతారు. మధ్యలో ఆ పిల్ల పడ్డ మెహనత్ ఎవరికీ కనపడదు.

ఉర్దూ మీడియంలో చదువుకున్నవాళ్లకి "అదా" అనే మాట బాగా తెలుసు. నమాజ్ అదా చేస్తాం. కర్జ్ అదా చేస్తాం. ఎవరికి ఏది హక్‌గా చెందాలో అది వాళ్లకి చెల్లించడం. నటుణ్ని "అదాకార్" అనేది కూడా ఆ మూడక్షరాలతోనే రాస్తాం, అలిఫ్, దాల్, అలిఫ్. తెలుగులో "నటుడు" అన్నప్పుడు నాకు రంగు, వేషం గుర్తొస్తాయి. "అదాకార్" అన్నప్పుడు మాత్రం ఏదో బాకీ తీర్చే మనిషి గుర్తొస్తాడు. గ్లెండా జాక్సన్ ఆ రెండో మాటకి సరిపోయే మనిషి.

ఆమె 1936 మే 9న ఇంగ్లండ్‌లోని బర్కెన్‌హెడ్‌లో పుట్టింది. లివర్‌పూల్‌కి ఎదురుగా, మెర్సీ నది అవతలి ఒడ్డున ఉండే ఓడరేవు ఊరు. నాన్న తాపీమేస్త్రీ. ఇటుక మీద ఇటుక పేర్చి ఇల్లు నడిపేవాడు. అమ్మ ఇళ్లు శుభ్రం చేసే పనికి పోయేది. నలుగురు ఆడపిల్లల్లో ఈమె పెద్దది. హాలీవుడ్‌లో అప్పట్లో గ్లెండా ఫారెల్ అనే నటి ఉండేది, ఆమె పేరే పెట్టారు. సినిమా వాసన ఆ ఇంట్లో ఉన్నదల్లా ఆ పేరు వరకే.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి మన గల్లీల్ని తలుచుకోండి. మనవాళ్లలో ఎంతమంది మేస్త్రీలు, దర్జీలు, మెకానిక్‌లు! బీడీలు చుట్టి పిల్లలకి ఫీజులు కట్టిన అమ్మీలు ఎంతమంది! అలాంటి ఇంటి పెద్దకూతురే ఈమె కూడా. 16 ఏళ్లకే చదువు ఆగిపోయింది. బూట్స్ అనే మందుల దుకాణంలో రెండేళ్లు కౌంటర్ దగ్గర నిలబడింది. సాయంత్రాలు ఊళ్లో ఔత్సాహికుల నాటకాల్లో వేషం వేసేది. అక్కడెవరో "నీకిది వస్తోంది, నేర్చుకో" అన్నారు. లండన్‌లోని రాడా, అంటే రాయల్ అకాడమీ ఆఫ్ డ్రమాటిక్ ఆర్ట్‌కి దరఖాస్తు పెట్టింది. 1954లో స్కాలర్‌షిప్ వచ్చింది.

అక్కడ తాలీమ్ అయితే దొరికింది, హౌస్లా ఇచ్చే మాట మాత్రం దొరకలేదు. హీరోయిన్ చెహ్రా కాదు నీది, 40 దాటేదాకా పెద్దగా పని దొరుకుతుందని ఆశ పెట్టుకోకు అని అక్కడి పెద్దాయన చెప్పాడట. అది సగం నిజమైంది కూడా. 1957 నుంచి చిన్న ఊళ్ల నాటక కంపెనీల్లో తిరిగింది. వేషం ఉన్నప్పుడు వేషం, లేనప్పుడు తెర వెనక స్టేజీ మేనేజర్ పని. అదీ లేనప్పుడు ఏ పని దొరికితే ఆ పని. అలా ఏడేళ్లు. ఈ ఏడేళ్ల గురించి సినిమా పత్రికలు ఒక్క వాక్యంలో ముగిస్తాయి. నా లెక్కలో అసలు తాలీమ్ అదే. గోడ కట్టేవాడికి మొదటి వరస సరిగ్గా పడాలి. ఆ వరస నేలలో ఉంటుంది, ఎవరికీ కనపడదు.

1964లో పీటర్ బ్రూక్ ఆమెని రాయల్ షేక్‌స్పియర్ కంపెనీలో తన ప్రయోగాలకి తీసుకున్నాడు. తర్వాతి కాలంలో మన మహాభారతాన్ని నాటకంగా వేసిన బ్రూక్ ఈయనే. "మారా/సాద్" నాటకంలో ఆమె పిచ్చాసుపత్రిలో ఉండే మరీజ్. ఆ మరీజ్ నాటకం లోపలి నాటకంలో ఫ్రెంచి ఇంఖిలాబ్ నాటి హంతకురాలు షార్లట్ కోర్దే వేషం వేస్తుంది. లండన్‌లో, తర్వాత న్యూయార్క్‌లో జనం ఆమె పేరు కనుక్కున్నారు. 1969లో డి.హెచ్. లారెన్స్ నవల మీద కెన్ రస్సెల్ తీసిన "విమెన్ ఇన్ లవ్" వచ్చింది. దానికే మొదటి ఆస్కార్. 1973లో "ఎ టచ్ ఆఫ్ క్లాస్" అనే హాస్య చిత్రానికి రెండోది. ఆ వేషం దొరకడం వెనక ఒక ముచ్చట ఉంది. మోర్కమ్, వైజ్ అనే కామెడీ జోడీ టీవీ షోలో ఆమె క్లియోపాత్రా వేషం వేసి నవ్వులపాలవడానికి ఒప్పుకుంది. దాన్ని చూసే ఆ సినిమా దర్శకుడు ఆమెని పిలిచాడు. అప్పటికే పేరున్న నటి అలాంటి వేషం ఎందుకు వేసింది అంటే, పని కాబట్టి. పనిలో చిన్నా పెద్దా ఆమెకి లేవు.

రెండింటి మధ్యలో 1971లో బీబీసీ "ఎలిజబెత్ ఆర్" తీసింది. ఆరు భాగాలు. మొదటి ఎలిజబెత్ మలికా పడుచుదనం నుంచి ఆఖరి ఊపిరి దాకా. ఆ మలికా పటాల్లో నుదురు ఎత్తుగా, వెడల్పుగా కనపడుతుంది. అది రావాలని గ్లెండా ముందువైపు జుట్టు నిజంగానే గొరిగించుకుంది. అందంగా కనపడాల్సిన ఉమర్‌లో, 34 ఏళ్లకి, ఒక నటి అలా చేసింది. దానికి అమెరికాలో రెండు ఎమ్మీ అవార్డులు ఇచ్చారు. తాపీమేస్త్రీ కూతురు తాజ్ పెట్టుకుంటే, ఆ దేశం ఇప్పటికీ ఎలిజబెత్ అంటే ముందు ఆమె ముఖాన్నే తలుచుకుంటుంది.

ఇంత అయ్యాక ఏ ఫన్‌కార్ అయినా ఏం చేస్తాడు? పేరుని కాపాడుకుంటూ, పెద్ద పెద్ద వేషాలు ఎంచుకుంటూ, సలాంలు అందుకుంటూ బతికేస్తాడు. గ్లెండా 1992లో అదంతా వదిలేసింది. 55 ఏళ్ల వయసులో లేబర్ పార్టీ తరఫున లండన్‌లోని హాంప్‌స్టెడ్ అండ్ హైగేట్ నుంచి పార్లమెంటుకి పోటీ చేసింది, గెలిచింది. ఆమె పార్టీ ఆ ఇంతెఖాబ్‌లో ఓడిపోయింది. అంటే వజీరు కుర్సీ కోసం వచ్చిన మనిషి కాదు, మొదటి ఐదేళ్లు ప్రతిపక్షంలోనే కూచుంది.

తెర మీద నుంచి సియాసత్‌లోకి వచ్చినవాళ్లు మనకి కొత్తకాదు. వాళ్లలో చాలామంది తెర మీది చెహ్రానే వోట్లుగా మార్చుకుంటారు. సభకి వచ్చినా హీరోలాగే వస్తారు, మాట్లాడినా డైలాగే చెబుతారు. గ్లెండా ఎంపీ అయిన రోజు నుంచి నటన పూర్తిగా ఆపేసింది. 23 ఏళ్లు. ఒక నౌకరీ చేస్తూ ఇంకో నౌకరీ చేయకూడదన్నది ఆమె ఉసూల్. జనం ఇచ్చిన అమానత్ మీద సగం మనసుతో కూచోలేదు. 1997లో టోనీ బ్లెయిర్ హుకూమత్ వచ్చాక రవాణా శాఖలో జూనియర్ మంత్రిగా లండన్ రైళ్లూ బస్సుల సంగతులు చూసింది. రెండేళ్లకి రాజీనామా ఇచ్చి లండన్ మేయర్ అభ్యర్థిత్వం కోసం ప్రయత్నించింది, పార్టీలోనే ఓడిపోయింది. 2010లో కేవలం 42 వోట్ల తేడాతో గట్టెక్కింది. ఆస్కార్ నటి అని జనం కళ్లు మూసుకుని వోటు వేయలేదన్నమాట. ఆమె అడగనూ లేదు.

సొంత పార్టీ ప్రధానమంత్రి ఇరాక్ మీద జంగ్‌కి బయలుదేరినప్పుడు ఆమె అడ్డం నిలబడింది. 2003 మార్చి 18 రాత్రి 139 మంది లేబర్ ఎంపీలు బ్లెయిర్ మాటకి ఎదురు తిరిగి వోటు వేశారు. వాళ్లలో ఆమె ఒకరు. ఆ రోజుల్లో మన మసీదుల్లో బాగ్దాద్ కోసం దుఆలు చేశాం, చాయ్ హోటళ్లలో రేడియో దగ్గర చేరాం. మన దుఆకి ఎంత ఖద్ర్ ఉందో, అక్కడ ఆ సభలో కూచుని, టికెట్ ఇచ్చిన లీడర్ కళ్లలోకి చూస్తూ "నహీఁ" అన్న మనిషికీ అంత ఖద్ర్ ఉంది. ఆ తర్వాత కూడా బ్లెయిర్ దిగిపోవాలని బాహాటంగా అడుగుతూనే ఉంది.

ఇక 2013. మార్గరెట్ థాచర్ ఇంతెఖాల్ అయింది. ఏప్రిల్ 10న పార్లమెంటు ప్రత్యేకంగా కూచుని నివాళి చెప్పుకుంటోంది. ఒకరి తర్వాత ఒకరు తారీఫ్. గ్లెండా లేచింది. థాచర్ ఏలుబడిలో తన ఇలాకాలో తాను చూసిన బడుల సంగతి, ఆసుపత్రుల సంగతి, రాత్రయితే దుకాణాల గుమ్మాల్లో పడుకున్న బేఘర్ జనం సంగతి చెప్పింది. లాలచ్‌నీ ఖుద్‌గర్జీనీ మంచి గుణాలుగా నేర్పారని అంది. అవతలి బెంచీల నుంచి కేకలు. ఒక సభ్యుడు లేచి ఇది ఖాయిదా కాదన్నాడు. స్పీకర్ ఇందులో నియమం తప్పిందేమీ లేదన్నాడు.

ఇక్కడ మనకి ఒక కష్టమైన సవాల్ ఉంది. మర్హూమ్‌ల మంచినే చెప్పుకోండి అని మన బుజుర్గ్‌లు నేర్పారు. జనాజా లేచిన ఇంట్లో ఐబ్‌లు ఎత్తకూడదు. అది అదబ్. మరి గ్లెండా చేసింది బేఅదబీనా? నా రాయ్ చెబుతాను. ఇంటి మనిషి పోయినప్పుడు నోరు మూసుకోవడం అదబ్. దేశాన్ని ఏలిన మనిషి పోయినప్పుడు, ఆ ఏలుబడిలో నలిగినవాళ్ల సంగతి ఎవరూ ఎత్తకుండా తారీఫ్‌ల దుప్పటి కప్పితే, ఆ ఖామోషీ కూడా ఒక అబద్ధమే. మజ్లూమ్ తన మీద జరిగిన జుల్మ్‌ని చెప్పుకోవడం గీబత్ కిందికి రాదని ఇమామ్ నవవీ లాంటి పెద్దలు రాశారు కదా. గ్లెండా థాచర్ ఇంటి గుట్టు తీయలేదు, హుకూమత్ హిసాబ్ అడిగింది. ఆఖర్లో మాత్రం థాచర్ ఆడమనిషేనా అన్నట్టు ఒక మాట విసిరింది. ఆ ఒక్క మాట నాకు నచ్చదు. ఆడతనానికి ఎవరూ ఎవరికీ సర్టిఫికెట్ ఇవ్వలేరు. మిగిలినదంతా చెప్పాల్సిందే, చెప్పాల్సిన చోటే చెప్పింది.

ఈ బేబాక్ నోరు ఎక్కణ్నుంచి వచ్చింది? షోహ్రత్ మీద బతికే మనిషికి ఇది సాధ్యం కాదు. తారీఫ్ తిని బతికేవాడు తారీఫ్ పోతుందని భయపడతాడు. మజ్దూరీ మీద బతికేవాడికి చేతిలో పని ఉంటుంది, రేపు ఇంకో చోట దొరుకుతుందన్న భరోసా ఉంటుంది. పూత పోయినా లోహం ఉంటుందని ఆమెకి తెలుసు.

2015లో, 79వ ఏట అడుగుపెడుతూ, పార్లమెంటు వదిలేసింది. జనం ఇక ఇంట్లో కూచుంటుందనుకున్నారు. 2016 అక్టోబర్‌లో లండన్ ఓల్డ్ విక్ థియేటర్‌లో కింగ్ లియర్‌గా నిలబడింది. రాణి కాదు, అమ్మ కాదు, లియర్ బాద్షా. ఉమర్ 80. కథ మీకు తెలిసే ఉంటుంది. ముసలి బాద్షా ముగ్గురు కూతుళ్లకి సల్తనత్ పంచాలనుకుంటాడు. తియ్యగా మాట్లాడిన ఇద్దరికీ ఇచ్చేసి, నిజం చెప్పినదాన్ని వెళ్లగొడతాడు. ఆ తర్వాత తుఫానులో బేఘర్ అవుతాడు. మగవేషం ఎందుకంటే, వయసు మీదపడేకొద్దీ ఆడా మగా మధ్య గీతలు చెరిగిపోతాయని ఆమె జవాబు. ఎంపీగా ముసలివాళ్ల మధ్య తిరిగిన మనిషి మాట అది. దుకాణాల గుమ్మాల్లో పడుకున్నవాళ్ల గురించి సభలో మాట్లాడిన నోటితోనే, స్టేజీ మీద నిలువ నీడలేని బాద్షా గోడు చెప్పింది.

తర్వాత ఆగలేదు. 2018లో న్యూయార్క్‌లో "త్రీ టాల్ విమెన్" నాటకానికి టోనీ అవార్డు, 82 ఏళ్లకి. 2019లో అదే ఊళ్లో మళ్లీ లియర్, వారానికి ఎనిమిది ఆటలు. మూడు గంటలు దాటే నాటకం అది. అదే ఏడాది డిసెంబర్‌లో బీబీసీలో "ఎలిజబెత్ ఈజ్ మిస్సింగ్". మతిమరుపు రోగం ముదురుతున్న మాడ్ అనే ముసలావిడ. దోస్త్ ఎలిజబెత్ కనపడటం లేదంటుంది, ఎవరూ నమ్మరు. మర్చిపోకుండా కాగితం ముక్కల మీద రాసుకుని జేబుల్లో కుక్కుకుంటుంది. మన ఇళ్లల్లో దాదీలు, నానీలు అడిగిందే అడుగుతుంటే మనం విసుక్కుంటామే, ఆ విసుగు అవతలి వైపు నుంచి ఎలా ఉంటుందో ఇది చూస్తే తెలుస్తుంది. దీన్ని మాత్రం ఇంటిల్లిపాదీ కూచుని చూడొచ్చు, చూడాలి కూడా. ఆఖరి సినిమా "ది గ్రేట్ ఎస్కేపర్" మైకేల్ కెయిన్‌తో చేసింది. ఆమె పోయిన కొన్ని నెలలకి జనం ముందుకి వచ్చింది.

ఆఖరి ఏళ్లు కొడుకు కుటుంబం ఉండే ఇంట్లోనే కింది భాగంలో ఉంది. కొడుకు డాన్ హాడ్జెస్ పత్రికా కాలమిస్టు, అంటే నా బిరాదరీయే. ఇంగ్లిష్‌వాళ్లు ముసలివాళ్లని ఆశ్రమాల్లో వదిలేస్తారని మనం ఫఖర్‌గా చెప్పుకుంటాం. ఈ ముసలావిడ మనవడున్న ఇంట్లో ఉంటూ, వారానికి ఎనిమిదిసార్లు బాద్షా అయ్యి ఇంటికొచ్చిన మనిషి. మన దగ్గర ముసలివాళ్లు ఇంట్లోనే ఉంటారు, అల్హమ్దులిల్లా. కానీ ఎలా ఉంటారు? 50 దాటిన అమ్మీకి "ఇక నీకెందుకవన్నీ, అల్లా అల్లా అనుకుంటూ కూచో" అని చెబుతాం. ఇబాదత్ ఆమె హక్, అందులో రెండో మాట లేదు. కానీ ఇబాదత్ పేరు చెప్పి ఆమె చేతిలోంచి పని లాక్కోవడం ఇబాదత్ కాదు. అది మన సౌకర్యం. 

అలాగే కూతుళ్ల విషయం. పిల్లకి ఏదన్నా హునర్ ఉంటే "దీంతో పేరొస్తుందా, బద్నామీ వస్తుందా" అని లెక్క వేస్తాం. "ఇందులో నీకు పని ఎంత వచ్చు, ఎన్నాళ్లు నేర్చుకుంటావు, నీ ఉసూల్ ఏంటి" అని అడగం. నేను హద్దులు తీసేయమనడం లేదు. హద్దు ఎక్కడో ప్రతి ఇల్లూ తన జమీర్‌ని అడిగి గీసుకుంటుంది. ఆ హద్దు లోపల బోలెడంత జాగా ఉంది. రాయడానికి, నేర్పడానికి, వైద్యం చేయడానికి, పిల్లలకి నాటకం ఆడించడానికి, రేడియోలో గొంతు వినిపించడానికి, వార్డులో జనం తరఫున నిలబడటానికి. ఆ జాగాని కూడా "లోగ్ క్యా కహేంగే" అనే మూడు మాటలతో తాళం వేసేది మనమే.

తాపీమేస్త్రీ కూతురు నాన్న దగ్గర నేర్చుకున్నది ఒకటే: గోడ నిలబడిందా లేదా. చప్పట్లు కొట్టారా లేదా అన్నది మేస్త్రీ అడగడు.

అందుకని ఈ జుమ్మా రోజు దస్తర్‌ఖాన్ దగ్గర ఇంట్లో అందరూ కలిసినప్పుడు, మీ అమ్మీని ఒక్క మాట అడిగి చూడండి. "అమ్మీ, పెళ్లికి ముందు నీకేం బాగా వచ్చేది?" ఆమె ముందు నవ్వుతుంది, "అబ్ వో సబ్ క్యూఁ రే" అంటుంది. ఇంకోసారి అడగండి. జవాబు వచ్చాక, దానికి ఏం సామాను కావాలో కూడా అడగండి.